ఆ గడిలో నా పేరు

పదకొండు దాటింది. నిద్ర రావడం లేదు. పిల్లాడు దొరికిపోయాడని కాదు, ఆ కాగితం గురించి.

సాయంత్రం స్టేషన్ నుంచి ఫోన్. ఒకే బండి మీద ముగ్గురు, ఒక్కరికీ హెల్మెట్ లేదు, నడుపుతున్నది మావాడు. దసరాకి వాళ్ళ నాన్న కొనిచ్చిన బండే, నేను వద్దు మొర్రో అన్నదే. మొదటిసారి కదా అని కౌన్సెలింగ్ ఇచ్చి పంపించారు. హామీ పత్రంలో "తండ్రి పేరు" అని అచ్చయి ఉంది. హెడ్ కానిస్టేబుల్ నీలం పెన్నుతో "తండ్రి" కొట్టేసి, పైన "తల్లి" అని రాసి నా ముందుకు జరిపారు. రెండు సెకన్ల పని.

వాడు నాలుగో క్లాసులో ఉండగా వాడి పేరున బ్యాంకు ఖాతా తెరుద్దామని వెళ్తే, ఇదే గడి కొట్టేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. కస్టడీ ఆర్డరు చూపించినా తండ్రి సంతకమే కావాలన్నారు. మూడుసార్లు తిరిగాను. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం మైనరుకి సహజ సంరక్షకుడు తండ్రి, "ఆయన తర్వాత" తల్లి. ఆ "తర్వాత" అంటే ఆయన పోయాకే అని కాదు, ఆయన పట్టించుకోకపోయినా తల్లే అని 1999లోనే సుప్రీంకోర్టు చెప్పిందట. లాయరు గారు చెప్పింది చెప్పినట్టు ఆ కౌంటర్ దగ్గర అప్పజెప్పాను. వినలేదు. అప్పుడు ఖాతాకి చాలని నా సంతకం ఇవాళ పూచీకి చాలింది.

స్టేషన్ నుంచి వచ్చాక వాళ్ళ నాన్నకి ఫోన్ చేస్తే "కస్టడీ నీది కదా, నువ్వే చూసుకో" అన్నారు. ఫీజుల దగ్గరా ఇదే మాట. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 199ఎ సెక్షన్ ఉంది. మైనరు బండితో నేరం చేస్తే గార్డియన్ లేదా ఓనరు దోషి. మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఆర్సీలో పేరు ఆయనది. "అందులో మీరూ ఉన్నారు" అన్నాను. పెట్టేశారు. 2024లో పుణెలో కారుతో ఇద్దరి ప్రాణాలు తీసిన పదిహేడేళ్ళ పిల్లాడి తండ్రిని అరెస్టు చేశారు. ఆ వార్త ఆయనే నాకు పంపారు. అయినా ఈ బండి ఎలా కొన్నారో!

ఇక్కడిదాకా రాసి ఆపేద్దామనుకున్నాను. ఇంతలో ఆయన మెసేజ్. "వాడికి బండి నేర్పింది నేను కాదు."

నిజమే. ఆదివారాలు మా సందులో వెనక కూర్చుని నేర్పింది నేనే, అవసరానికి ఉంటుందని. రెండేళ్ళ క్రితం జ్వరంతో నేను లేవలేని రోజు, మాత్రలు అయిపోయాయి. వాడికి పద్నాలుగు. ఫ్రిజ్ మీద మా స్కూటీ తాళం తీసుకుంటూ "వెళ్ళనా అమ్మా?" అన్నాడు. తల ఊపాను. బండి శబ్దం మలుపు దాకా విన్నాను. తిరిగొచ్చేదాకా దుప్పటి అంచు పిడికిట్లోనే ఉంది. వచ్చి మాత్రల షీటు, రసీదు, చిల్లర మంచం మీద వరసగా పెట్టాడు. "మలుపులో హారన్ కొట్టా, వినబడిందా?" అన్నాడు. ఆ మొహం ఇంకా కళ్ళ ముందే ఉంది. ఈ జూన్ నుంచి మాత్రం వాడు వేరేలా ఉన్నాడు. ట్యూషన్ ఎగ్గొట్టడం, తలుపేసుకోవడం, గోడని గుద్ది చెయ్యి వాపు తెచ్చుకోవడం.

ఆ రోజు నుంచి పాలకీ కరివేపాకుకీ వాడే. పదహారేళ్ళ పిల్లలకి కూడా గేర్లు లేని 50 సీసీ లోపు బండికే అనుమతి. మా స్కూటీ 110. పైగా పిల్లాడు బండి తీస్తే పెద్దవాళ్ళు ఒప్పుకునే ఉంటారని కోర్టు అనుకోవాలట. తెలియకుండా తీశాడనో, ఆపడానికి చేయాల్సిందంతా చేశామనో మనమే రుజువు చేసుకోవాలి. మొదట చదివినప్పుడు ఇదేం అన్యాయం అనుకున్నాను. ఇప్పుడు అనలేను. నేనేం రుజువు చేస్తాను? ఆయన మీద కోపం మాత్రం తగ్గలేదు.

తాళం ఫ్రిజ్ మీంచి తీసి బీరువాలో పెట్టాను. ఇందాక నీళ్ళకి వచ్చాడు. ఫ్రిజ్ మీద తడిమి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పొద్దున పాలెలా?" అన్నాడు. స్టేషన్ నుంచి వచ్చాక వాడి మొదటి మాట.

"నడిచి వెళ్దాం" అన్నాను.

సీసా నింపుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ మెసేజ్‌కి ఇంకా జవాబు ఇవ్వలేదు.