జట్టును ఎప్పుడు మార్చాలి? లివర్‌పూల్ మేనేజర్లకు తెలిసిన విద్య

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు లివర్‌పూల్ ఘనుల జాబితా ఎవరు రాసినా ఇయాన్ రష్ కొట్టిన 346 గోల్స్, ఇయాన్ కాలహన్ ఆడిన 857 మ్యాచ్‌లు మొదటే వస్తాయి. ఆ రెండు రికార్డులూ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఆ ఆటగాళ్లంటే మాకు ప్రాణం. అయినా ఆ క్లబ్బు గొప్పతనం అర్థం కావాలంటే మేనేజర్లు ఎవరిని ఎప్పుడు పక్కన పెట్టారో, ఆ చోటులో ఎవరిని నిలబెట్టారో చూడాలి.

1959 డిసెంబరులో బిల్ షాంక్లీ మేనేజర్‌గా వచ్చేటప్పటికి జట్టు రెండో డివిజన్‌లో ఉంది. పాత శిక్షకులు బాబ్ పేస్లీ, జో ఫేగన్, రూబెన్ బెనెట్‌లను ఆయన తీసెయ్యలేదు, తన పద్ధతి వాళ్లకు నేర్పాడు. మెల్‌వుడ్ మైదానంలో సాధనకు ప్రాణం అయిదుగురేసి ఆడే చిన్న ఆటలు. చెక్క పలకలతో నాలుగు వైపులా గోడలు కట్టించి ఆటగాణ్ణి మధ్యలో నిలబెట్టేవాళ్లు. గోడకు కొట్టిన బంతి తిరిగొస్తే ఆపాలి, తిరగాలి, మళ్లీ కొట్టాలి. ఊపిరి అందనప్పుడు కూడా బంతిని అందుకునే మొదటి టచ్ తప్పకూడదన్నది దాని ఉద్దేశం. ఇంకో చిన్న ఏర్పాటు కూడా ఉంది. ఆటగాళ్లు సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లోనే బట్టలు మార్చుకుని బస్సులో మెల్‌వుడ్ వెళ్లేవాళ్లు, సాధన అయ్యాక మళ్లీ బస్సులో వచ్చాకే స్నానం. ఈలోగా ఒళ్లు నెమ్మదిగా చల్లబడేది. గాయాలు తగ్గడానికి అదొక కారణమని షాంక్లీ నమ్మాడు. 1965-66 లీగ్‌ను 14 మందితోనే గెలిచారంటే ఆ నమ్మకాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

షాంక్లీకి ఒక బలహీనత ఉంది. 1960లలో తనకు కప్పులు తెచ్చిన కుర్రాళ్లను వదులుకోలేకపోయాడు. రాన్ యేట్స్, ఇయాన్ సెయింట్ జాన్, రోజర్ హంట్‌ల వయసు మీద పడుతున్నా కొత్తవాళ్లను దించడానికి ఆలస్యం చేశాడు. 1970 ఫిబ్రవరిలో ఎఫ్‌ఏ కప్ క్వార్టర్ ఫైనల్లో రెండో డివిజన్ జట్టు వాట్‌ఫర్డ్ చేతిలో 1-0తో ఓడాకగానీ ఆయన మనసు గట్టిపడలేదు. ఆ తర్వాత మాత్రం ఆగలేదు. గోల్‌లో రే క్లెమెన్స్, వింగ్‌లో స్టీవ్ హైవే, ముందు జాన్ టోషాక్, స్కన్‌థార్ప్ అనే చిన్న క్లబ్బు నుంచి తెచ్చిన కెవిన్ కీగన్. 1973లో ఆ కొత్త జట్టు లీగ్‌నూ యూఎఫా కప్పునూ కలిపి గెలిచింది.

అదే ఏడాది అక్టోబరు, నవంబరుల్లో యూరోపియన్ కప్‌లో రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్ వీళ్లను ఇక్కడా అక్కడా 2-1తో ఓడించింది. ఆ ఓటమి మాకు చాలా ట్రోఫీల కన్నా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. బెల్‌గ్రేడ్ జట్టు వెనక నుంచే ఓపికగా పాస్‌లు ఇచ్చుకుంటూ వచ్చింది. ఆన్‌ఫీల్డ్‌లో బూట్లు వేలాడదీసే చిన్న గదిలో, అదే పేరుపొందిన ‘బూట్ రూమ్’లో, శిక్షకులు కూర్చుని ఆలోచించారు. హెడర్లతో బంతిని దూరం తరిమే పొడుగాటి సెంటర్ హాఫ్ (డిఫెన్స్ మధ్యలో నిలబడే ఆటగాడు) ఉన్నంతకాలం యూరప్‌లో బంతి మన దగ్గర నిలవదని తేల్చారు. లారీ లాయిడ్ చోటు పోయింది. పాస్ ఇవ్వగలిగిన ఫిల్ థాంప్సన్, ఎమ్లిన్ హ్యూస్ జంట వెనక నిలబడింది.

1974లో షాంక్లీ తప్పుకున్నాక పేస్లీకి పగ్గాలు వచ్చాయి. ఆయన ఎంతోకాలం క్లబ్బులో ఫిజియో. నడక చూసి గాయం ఎక్కడుందో చెప్పగల ఆ కన్నే ఆయన్ను మేనేజర్‌గానూ నిలబెట్టింది. తొమ్మిది సీజన్లలో ఆరు లీగ్‌లు, మూడు యూరోపియన్ కప్పులు. రే కెన్నెడీ ఆర్సెనల్ నుంచి వచ్చిన స్ట్రైకర్. ముందు వరుసలో కీగన్, టోషాక్ పాతుకుపోవడంతో అతనికి చోటు లేదు. వేగం తక్కువ, మొదటి టచ్ మాత్రం అద్భుతం. పేస్లీ అతణ్ణి ఎడమ మిడ్‌ఫీల్డ్‌కు మార్చాడు. అక్కడి నుంచి ఆలస్యంగా, ఎవరూ కాచుకోని సమయంలో, పెనాల్టీ బాక్సులోకి వచ్చేవాడు. 1981 యూరోపియన్ కప్ సెమీఫైనల్లో మ్యూనిక్‌లో బయెర్న్ మీద 83వ నిమిషంలో కొట్టిన గోల్ అలాంటిదే. ఆ ఒక్క గోల్ పారిస్ ఫైనల్‌కు దారి తీసింది.

పేస్లీ పనితనం మొత్తం కనిపించేది కీగన్ వ్యవహారంలో. ఇంకొక్క సీజన్ ఆడి వెళ్లిపోతానని కీగన్ 1976లోనే చెప్పేశాడు. ఏడాది గడువు దొరికింది. ఆ సీజన్ చివర 1977 యూరోపియన్ కప్ రోమ్ ఫైనల్లో బొరుస్సియా మోన్షెన్‌గ్లాడ్‌బాఖ్ డిఫెండర్ బెర్టీ ఫోగ్ట్స్ అతని వెంటే నీడలా తిరిగాడు. కీగన్ అతణ్ణి మైదానమంతా తిప్పాడు. ఫోగ్ట్స్ వదిలొచ్చిన ఖాళీలోంచి టెర్రీ మెక్‌డెర్మట్ దూసుకొచ్చి మొదటి గోల్ కొట్టాడు. అవతలి జట్టు ఆటగాడు సిమన్సెన్ స్కోరు సమం చేసినా, కార్నర్‌కు టామీ స్మిత్ తల పెట్టి రెండో గోల్ కొట్టాడు. చివరికి ఫోగ్ట్స్ కీగన్‌ను పడేయడంతో వచ్చిన పెనాల్టీని ఫిల్ నీల్ గోల్ చేశాడు. 3-1. స్కోర్‌షీట్‌లో కీగన్ పేరు లేదు, అయినా ఆ మ్యాచ్ అతనిదే.

కీగన్‌ను హాంబర్గ్‌కు 5 లక్షల పౌండ్లకు అమ్మి, సెల్టిక్ నుంచి కెన్నీ డాల్‌గ్లిష్‌ను 4 లక్షల 40 వేలకు తెచ్చారు. అంతకు కాస్త ముందు అలన్ హాన్సన్, 1978 జనవరిలో గ్రేమ్ సూనెస్ చేరారు. ఆ మే నెలలోనే వెంబ్లీలో యూరోపియన్ కప్ ఫైనల్లో క్లబ్ బ్రూజ్ మీద సూనెస్ పాస్, డాల్‌గ్లిష్ చిప్, 1-0. మరుసటి సీజన్ 42 లీగ్ మ్యాచ్‌ల్లో పడినవి 16 గోల్స్ మాత్రమే, సొంతగడ్డ మీద నాలుగు. నిజం చెప్పాలంటే అప్పటి నిబంధనలూ కలిసొచ్చాయి. ఒత్తిడి పెరిగితే బంతిని గోల్‌కీపర్‌కు వెనక్కి ఇస్తే అతను చేత్తో పట్టుకునేవాడు. 1992లో ఆ నిబంధన మారింది.

ఆ రోజుల్లో కొత్తగా కొన్నవాళ్లు చాలామంది ముందు రిజర్వ్ జట్టులోనే ఆడాల్సి వచ్చేది. 1980లో చెస్టర్ నుంచి 3 లక్షల పౌండ్లకు వచ్చిన రష్ కూడా మొదటి సీజన్ ఎక్కువగా అక్కడే గడిపాడు. పాస్ ఇచ్చినవాడు నిలబడిపోతే ఆ పద్ధతే కుప్పకూలుతుంది, ఇచ్చిన వెంటనే కదలాలి. ఆ అలవాటు ఒంటికి పట్టాకే పెద్ద జట్టు.

1984లో, పేస్లీ తర్వాత మేనేజర్ అయిన ఫేగన్ లీగ్, లీగ్ కప్, యూరోపియన్ కప్ మూడూ ఒకే సీజన్లో తెచ్చాడు. 1986లో డాల్‌గ్లిష్ ఆటగాడిగా, మేనేజర్‌గా లీగ్‌నూ ఎఫ్‌ఏ కప్పునూ గెలిపించాడు. 1987లో రష్ యువెంటస్‌కు వెళ్తే జాన్ బార్న్స్, పీటర్ బియర్డ్‌స్లీ, జాన్ ఆల్డ్రిడ్జ్‌లతో జట్టు ఇంకా అందంగా ఆడింది. 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరో మైదానంలో తొక్కిసలాట జరిగింది. 97 మంది అభిమానులు పోయారు. ఆ కుటుంబాల పక్కన డాల్‌గ్లిష్ నిలబడిన తీరు ఏ ట్రోఫీకీ తీసిపోదు. 1991 ఫిబ్రవరిలో ఆయన తప్పుకున్నాడు. తర్వాత మేనేజర్‌గా వచ్చిన సూనెస్ పాతవాళ్లను హడావిడిగా పంపించేశాడు, తెచ్చినవాళ్లలో ఆ చోటులకు సరిపోయినవాళ్లు తక్కువ. 1990 తర్వాత లీగ్ మళ్లీ దక్కడానికి 30 ఏళ్లు పట్టింది. ఈ మధ్యలో 2005 ఇస్తాంబుల్ ఫైనల్ ఉంది, యూరోపియన్ కప్‌కే కొత్త పేరైన చాంపియన్స్ లీగ్‌ది. సగానికి 0-3 వెనకబడ్డాక మేనేజర్ బెనీటెజ్ డీట్మర్ హామన్‌ను దించి, వెనక ముగ్గురిని పెట్టి, స్టీవెన్ జెరార్డ్‌ను ముందుకు వదిలాడు. ఆరు నిమిషాల్లో మూడు గోల్స్ వచ్చాయి.

పేస్లీ బేరం మళ్లీ కనిపించింది మేనేజర్ యుర్గెన్ క్లాప్ దగ్గరే. 2018 జనవరిలో మిడ్‌ఫీల్డర్ కుటీన్యోను బార్సిలోనాకు అమ్మారు. అదే నెలలో 7.5 కోట్ల పౌండ్లకు డిఫెండర్ వాన్ డైక్, ఆ వేసవిలో గోల్‌కీపర్ అలిసన్ వచ్చారు. 2019లో చాంపియన్స్ లీగ్, 2020లో 99 పాయింట్లతో లీగ్. 2023 వేసవిలో హెండర్సన్, ఫాబీన్యో వెళ్లిపోతే మిడ్‌ఫీల్డ్‌ను దాదాపు మొత్తం మార్చేశాడు. మరుసటి ఏడాది మేనేజర్‌గా వచ్చిన ఆర్నే స్లాట్‌కు ఆ సీజన్‌లో బరిలోకి దించడానికి దొరికిన ఒకే ఒక్క కొత్త ఆటగాడు కియేజా. స్లాట్ మిడ్‌ఫీల్డర్ గ్రావెన్‌బర్క్‌ను వెనక్కి జరిపి డిఫెన్స్ ముందు నిలబెట్టాడు. 2025 ఏప్రిల్ 27న టోటెన్‌హామ్‌ను 5-1తో ఓడించడంతో 20వ లీగ్ టైటిల్ ఖాయమైంది.