డెంప్‌స్టర్ హైవే మీదికి మోటర్‌హోమ్: ముందు టైర్ల సంగతి చూడండి

సియాటిల్, వాంకూవర్ల నుంచి మోటర్‌హోమ్‌లో (పడక, వంటిల్లు ఉన్న బండిలో) కెనడా ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రం దాకా వెళ్లాలనుకునే తెలుగువాళ్లు మొట్టమొదట రెండు పేర్లు సరిచూసుకోవాలి. ముందు పట్టుకునే అలాస్కా హైవే మొదలయ్యేది కెనడా రాష్ట్రం బ్రిటిష్ కొలంబియాలోని డాసన్ క్రీక్‌లో. సముద్రం వైపు పోయే డెంప్‌స్టర్ హైవే చీలేది దానికి ఉత్తరానున్న యూకాన్‌లోని డాసన్ సిటీకి 40 కి.మీ. తూర్పున. ఆ రెండు ఊళ్లకూ మధ్య 1,900 కి.మీ. పైనే ఉంటుంది. జీపీఎస్‌లో ఒకదానికి బదులు ఇంకొకటి కొడితే బుకింగులన్నీ తలకిందులవుతాయి.

వైట్‌హార్స్ మీదుగా డాసన్ సిటీ దాకా బండికి పెద్ద కష్టం ఉండదు. లియార్డ్ హాట్ స్ప్రింగ్స్ దగ్గర అడవిదున్నలు రోడ్డు మీదే నిలబడతాయి కాబట్టి చీకటి పడ్డాక నడపకండి, అంతే. అసలు పని డెంప్‌స్టర్ మీద. ఇనువిక్ వరకు దాదాపు 740 కి.మీ. కంకర రోడ్డు. అక్కణ్ణుంచి సముద్రం ఒడ్డునున్న టక్టోయక్టక్ దాకా ఇంకో 138 కి.మీ. ఈ చివరి ముక్క 2017 నవంబరులో తెరిచారు.

ఆ కంకర ఎందుకో తెలిస్తే బండి ఎలా నడపాలో తెలుస్తుంది. రోడ్డు కింద నేల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటుంది. అది కరిగితే రోడ్డు కుంగిపోతుంది. అందుకని వేడి కిందికి దిగకుండా కంకరను దుప్పటి కప్పినట్టు మందంగా పోశారు, కొన్ని చోట్ల రెండు మీటర్లకు పైగా. అంటే మీరు నడిపేది ఎత్తైన గట్టు మీద. అంచులు మెత్తగా ఉంటాయి. ఎదురు బండికి దారివ్వబోయి కుడి చక్రాలు అంచు మీదికి వెళ్తే ఐదారు టన్నుల మోటర్‌హోమ్‌ను ఆ వాలు కిందికి లాగేస్తుంది. దారి ఇవ్వాలంటే వేగం తగ్గించండి, అంచుకు పోకండి. ఫొటోల కోసం ఆగాలన్నా వెడల్పు చేసిన చోట్లే ఆగాలి.

ఇక టైర్లు. కంకరలో పలకల్లాంటి పదునైన రాళ్లు ఉంటాయి. వేగంగా వెళ్తే అవి కోసేస్తాయి, నెమ్మదిగా వెళ్తే చాలామట్టుకు పక్కకు తప్పుకుంటాయి. గంటకు 60 కి.మీ. దాటకండి, వానలో 40 చాలు. బయల్దేరే ముందు టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని అర్థం. ఆరేడేళ్లు దాటిన టైరుతో, గీత ఎంత లోతుగా ఉన్నా సరే, ఈ రోడ్డెక్కొద్దు. పది ప్లైల (పది పొరలంత బలమైన), లోడ్ రేంజ్ ఇ (E) అని రాసి ఉన్న రకమే వేయించండి. సామాను, నీళ్లు నింపాక లారీల కాటా మీద ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూయించి, టైరు కంపెనీ పట్టికలో ఆ బరువుకు చెప్పిన గాలి పెట్టండి. కంకర మీద గాలి తగ్గిస్తే మంచిదని వినే ఉంటారు. తగ్గించినా పట్టికలో చెప్పిన కనీసం కంటే కిందికి పోవద్దు. గాలి తక్కువైతే పక్క గోడ మడత పడీ పడీ వేడెక్కి పగులుతుంది.

వెనక జంట టైర్ల విషయంలో మన లారీ క్లీనర్లు చేసేదే చేయండి. ఆగిన ప్రతిసారీ కర్రతో ఒక్కో టైరునూ కొట్టి చప్పుడు వినండి. గాలి నిండుగా ఉన్న టైరు మీద కర్ర ఎగిరి వస్తుంది, మోత గట్టిగా ఉంటుంది. గాలి దిగిన టైరు మెత్తగా 'డప్' అంటుంది. లోపలి టైరు ఖాళీ అయినా బయటి టైరు మోస్తూ ఉంటుంది, కంటికి తెలియదు. ఆ బరువుకు అదీ పేలుతుంది. రెండింటి మధ్య ఇరుక్కున్న రాళ్లను కూడా అప్పుడే తీసేయండి.

స్టెప్నీలు రెండు కావాలి, ఒకటైనా రిమ్ముకు బిగించి ఉండాలి. పంక్చర్ కిట్, 12 వోల్టుల కంప్రెసర్, ఆరు టన్నుల బాటిల్ జాకీ, జాకీ కంకరలోకి దిగబడకుండా కింద వేయడానికి అడుగు చదరం, రెండంగుళాల మందం చెక్క పెట్టుకోండి. చక్రం మార్చడం ఇంటి దగ్గరే ఒకసారి చేసి చూడండి. మీ పానాకు ఆ నట్లు ఊడతాయో లేదో అక్కడే తెలియాలి. చక్రం మార్చాక 80 కి.మీ. వెళ్లి నట్లు మళ్లీ బిగించండి.

పెట్రోలు లెక్క తేలికే. పెద్ద మోటర్‌హోమ్ 100 కి.మీ.కు 25–30 లీటర్లు తాగుతుంది. డాసన్ సిటీ నుంచి దారిలో పెట్రోలు దొరికే ఈగల్ ప్లెయిన్స్ దాకా 410 కి.మీ., అంటే 125 లీటర్ల దాకా. డాసన్‌లో ట్యాంకు నిండా కొట్టించండి, ఈగల్ ప్లెయిన్స్‌లో సగం ఉన్నా మళ్లీ నింపండి. దారి పొడవునా ఫోన్ సిగ్నల్ దాదాపు ఉండదు కాబట్టి శాటిలైట్ మెసెంజర్ తప్పనిసరి. ఈ రోడ్డుకు పేరిచ్చిన పోలీసు అధికారి డెంప్‌స్టర్ 1911లో వెతకడానికి వెళ్లింది, బరువు తగ్గించి వేగంగా పోదామని తిండి తక్కువ తీసుకెళ్లి చలికి, ఆకలికి చనిపోయిన గస్తీ దళాన్నే. రెండు రోజుల ప్రయాణానికి వారం సరుకులు పెట్టుకోవడం ఇక్కడ అతి జాగ్రత్త కాదు.

కుదుపు ఇంటి భాగాన్ని విప్పేస్తుంది. రోజూ సాయంత్రం అద్దాల చేతులు, బ్యాటరీ పట్టీ, జనరేటర్ బోల్టులు, నీళ్ల పంపు కలిసే చోట్లు చేత్తో కదిపి చూడండి. రెండు మూడు రోజులకోసారి గ్యాసు గొట్టాల జాయింట్ల మీద సబ్బు నురగ పూయండి, బుడగ వస్తే కారుతున్నట్టే. దుమ్ము వెనక నుంచి లోపలికి వస్తుంది, ఎందుకంటే కదిలే బండి వెనక గాలి సుడి తిరుగుతుంది. వెనక కిటికీలన్నీ మూసి, డ్రైవరు దగ్గరి ఫ్యాను బయటి గాలి పీల్చేట్టు పెట్టి బాగా పెంచండి. లోపల గాలి ఒత్తిడి ఎక్కువైతే దుమ్ము రాదు.

ఆగస్టులో కూడా మంచు పడొచ్చు, హీటరు కావాల్సిందే. గంటకు 30,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే కొలత) హీటరు ఆగకుండా మండితే గంటకు లీటరుం పావు ప్రొపేన్ పోతుంది. సున్నా డిగ్రీల రాత్రి తొమ్మిది గంటల్లో మూడో వంతు సేపు మండుతుందనుకుంటే నాలుగు లీటర్లలోపే, అంటే 40 లీటర్లు పది రాత్రులు. ముందు అయిపోయేది గ్యాసు కాదు, బ్యాటరీ. హీటరు ఫ్యాను 8 ఆంపియర్ల దాకా లాగుతుంది. 220 ఆంపియర్-అవర్ల లెడ్ బ్యాటరీలో సగమే వాడాలి. రాత్రికి ఫ్యానుకు 24 ఆంపియర్-అవర్లు, లైట్లకు, పంపుకు ఇంకొంత తీస్తే మూడు రాత్రులే. లిథియం బ్యాటరీని సున్నా కంటే చలిలో చార్జి చేస్తే పాడవుతుంది, దాన్ని బండి లోపలి అరలో పెట్టండి. గ్యాసు ఫ్రిజ్ ఉంటే బండి సమతలంగా నిలపాలి. వాలులో ఫ్రిజ్‌ను చల్లబరిచే అమ్మోనియా ద్రవం కిందికి పారక ఒకచోట నిలిచిపోతుంది. కుక్కరు పెట్టుకోండి, పప్పుకూ అన్నానికీ గ్యాసు బాగా ఆదా అవుతుంది. తిన్న గిన్నెలు, ఆవకాయ సీసా బయట వదలొద్దు, వాసనకు ఎలుగుబంట్లు వస్తాయి.

డెంప్‌స్టర్ దారిలో పీల్, మెకెంజీ నదుల మీద బండ్లను దాటించే ఫెర్రీలు ఉచితం. నీటి మట్టం మారితే కంకర ర్యాంపులు మారుస్తుంటారు. వాలు మొదట్లో వెనక బంపరు నేలకు రాసుకునేది అక్కడే. అడుగు అడుగుగా దిగండి, ఒకరు దిగి వెనక నుంచి చూడండి. ఎక్కే ముందు గ్యాసు మంటలన్నీ ఆపాలి. వసంతంలో మంచు విరిగేటప్పుడు, శరదృతువు చివర నది గడ్డకట్టేటప్పుడు కొన్ని వారాలు దాటే దారే ఉండదు.

కాగితాల మాట: భారత పాస్‌పోర్టుతో అమెరికాలో ఉన్నవారికి కెనడా వీసా కావాలి, గ్రీన్‌కార్డు ఉంటే పాస్‌పోర్టుతో పాటు అది చాలు. అద్దె బండైతే ఒప్పందంలో డెంప్‌స్టర్‌కు అనుమతి ఉందో లేదో చదవండి, చాలా వాటిలో ఉండదు. తిరుగు ప్రయాణంలో అలాస్కా చూడాలనుకుంటే సరిహద్దులో పచ్చి కరివేపాకు తీసేసుకుంటారు, నిమ్మజాతి చెట్ల తెగులు తెచ్చే పురుగు దాని మీద బతుకుతుందని. ముందే వాడేయండి.

డాసన్ సిటీకి తిరిగి రాగానే బండి అడుగు భాగం కడిగించండి. దుమ్ము లేవకుండా ఈ రోడ్డు మీద చల్లే కాల్షియం క్లోరైడ్ బురదతో కలిసి సిమెంటులా గట్టిపడుతుంది, ఇనుమును తినేస్తుంది. ముందు కాసేపు నాననిచ్చి, తర్వాత బ్రేకుల చుట్టూ, రేడియేటరు రెక్కల మధ్య, మెట్టు కీలు దగ్గర నీళ్లు తేటగా వచ్చేదాకా కొట్టించండి.