సార్వా నుంచి దాళ్వా దాకా

ఈ సంచికకు కాలేజీ జ్ఞాపకాలు రాయమని మా బ్యాచ్ గ్రూపులో అడిగినప్పుడు కాస్త ఇబ్బంది పడ్డాను. మాది 2020లో చేరిన బీకాం బ్యాచ్. మొదటి ఏడాది పాఠాలు చాలావరకు ఫోన్లోనే విన్నాం. చివరి ఏడాదిలో నేను క్లాసురూములో కంటే మండపేట దగ్గర ఒక రైస్ మిల్లు ఆఫీసులోనే ఎక్కువ కూర్చున్నాను. నా దగ్గర చెప్పుకోదగ్గ కబుర్లున్నది ఆ ఏడాది గురించే.

మన ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది మా బ్యాచ్‌తోనే. సెలవుల్లో కొంత, ఒక సెమిస్టరు పూర్తిగా కొంత. చాలామందికి అదొక తతంగం. డబ్బులిస్తే సర్టిఫికెట్టూ రిపోర్టూ బైండింగ్‌తో సహా చేతికొచ్చే చోట్లు ఉండేవి. నేను అటు వెళ్లకపోవడానికి పెద్ద ఆదర్శమేమీ లేదు. మా నాన్న ఆ మిల్లుకే ధాన్యం తోలేవారు. లెక్కలు చూడ్డానికి మనిషి కావాలని ఆయనకు తెలిసింది, అంతే. 2022లో కాలువలకు నీళ్లొదిలిన రోజుల్లో సెలవుల ఇంటర్న్‌షిప్ కింద చేరాను. సెమిస్టరుదీ అక్కడే చేశాను. ఆ తర్వాత కూడా ఉండమని ఓనరు గారన్నారు, మా సార్ సరేనన్నారు. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి మిల్లు. అలా మళ్లీ కాలువలకు నీళ్లొచ్చేదాకా ఉండిపోయాను.

టాలీలో, అంటే లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్‌లో, ఎంట్రీలు వేయడం, బ్యాంకు పాస్‌బుక్కుతో పుస్తకాలు సరిచూడటం, జీఎస్‌టీ రిటర్నుల తేదీలు ఇవన్నీ ఎవరైనా నెలలో నేర్చుకుంటారు. వాటి గురించి రాయను. నాకు అసలు చదువు చెప్పింది బ్యాంకుకు నెలనెలా పంపే స్టాక్ స్టేట్‌మెంట్.

మిల్లు నడిచేది సీసీ (క్యాష్ క్రెడిట్) ఖాతా మీద, అంటే సరుకు చూపించి బ్యాంకులో వాడుకునే అప్పు మీద. బ్యాంకు ఎంత లిమిట్ ఇచ్చినా, ఆ నెల ఎంత వాడుకోవచ్చన్నది గోదాములో ఉన్న సరుకును బట్టి ఉంటుంది. ఉదాహరణకి కోటి రూపాయల సరుకుందనుకోండి. అందులో 20 లక్షల ధాన్యానికి రైతులకో ఏజెంట్లకో ఇంకా డబ్బు కట్టలేదు. ఆ 20 లక్షలు తీసేస్తారు. మిగిలిన 80లో పావు వంతు మార్జిన్, మిల్లు సొంతంగా పెట్టుకోవాల్సింది. అంటే వాడుకోగలిగింది 60 లక్షలు. అరువు మీద తెచ్చిన ధాన్యం గోదాములో ఎంత ఎత్తున నెట్టు కట్టి ఉన్నా, దాని మీద బ్యాంకులో రూపాయి పుట్టదు. వర్కింగ్ క్యాపిటల్ (వ్యాపారం రోజూ నడవడానికి కావాల్సిన డబ్బు) సూత్రాలు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే, కానీ ఈ సంగతి నాకు తట్టలేదు.

పెద్ద గుమస్తా గారు టాలీ ముట్టుకోరు. ఆయనకో పొడుగాటి పుస్తకం ఉండేది, ఏ రోజు ఎంత రావాలో ఎంత పోవాలో పెన్సిల్‌తో రాసుకునేవారు. "అమ్మాయ్, లాభం సంగతి ఓనరు గారు చూసుకుంటారు. రేపు చెక్కు పాసవుద్దా లేదా, అది నువ్వు చూడు" అనేవారు. ఎంబీఏ వాళ్లు క్యాష్ ఫ్లో ఫోర్‌కాస్ట్ అని స్లైడ్లు వేసేది ఆ పెన్సిల్ పుస్తకాన్నే.

గోదాములో ఇంకో తిరకాసు ఉంది. ప్రభుత్వం రైతుల దగ్గర మద్దతు ధరకు కొన్న ధాన్యం ఆడించడానికి మిల్లుకే వస్తుంది. ఆ ఏడాది సాధారణ రకం క్వింటాలు 2,040 రూపాయలు, మన 75 కిలోల బస్తా లెక్కన 1,530. ఆ ధాన్యం మిల్లుది కాదు, పౌర సరఫరాల సంస్థది. క్వింటాలు ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం తిరిగి అప్పజెప్పాలి. దానికి మిల్లు బ్యాంకు గ్యారంటీ ఇస్తుంది. మనం కొన్న స్వర్ణ రకం ధాన్యమూ, ప్రభుత్వం పంపిన స్వర్ణా పక్కపక్కనే ఉంటాయి, చూడ్డానికి ఒకటే. కానీ ఒకటి మన ఆస్తి, ఇంకోటి మన పూచీ. రెండోది పొరపాటున కూడా బ్యాంకు స్టేట్‌మెంట్లో కనిపించకూడదు. ఆడించాక వచ్చే తవుడు, నూకలు, ఊక మాత్రం మిల్లువే. తవుడు లారీ నూనె ఫ్యాక్టరీకి వెళ్తే ఆ డబ్బుతో జట్టు కూలీలకు కూలి బట్వాడా అయ్యేది. బియ్యం డబ్బు కోసం వారాలు చూడాలి, తవుడు డబ్బు త్వరగా వస్తుంది. ఓనరు గారు పేపరు తెరిస్తే ముందు చూసేది తవుడు ధరే.

ఆ ఏడాది ఊరికే కూర్చోనివ్వలేదు. జూలైలో గోదావరి పొంగి ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరికే 17.75 లక్షలకు ఇస్తారు. మా మిల్లుకు నీళ్లు రాలేదు కానీ నారుమళ్లు పోయిన ఊళ్లు చాలా ఉన్నాయి. నాట్లు వెనకబడితే కోతలు వెనకబడతాయి, మిల్లు డబ్బు లెక్కలూ వెనక్కి జరుగుతాయి. గుమస్తా గారు ఆ వరదల్లోనే పుస్తకం తీసి, నవంబరు అని రాసుకున్నవి కొట్టేసి డిసెంబరుకి మార్చారు.

సరిగ్గా అదే వారం, జూలై 18 నుంచి, 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్‌టీ వచ్చింది. అంతకుముందు రిజిస్టర్ చేసిన బ్రాండుకే ఉండేది. దానికి మార్కెట్ చెప్పిన జవాబు మీరంతా మీ వంటింట్లో చూసే ఉంటారు: 26 కిలోల బస్తా. ఒక్క కిలో పెరిగింది, పన్ను పోయింది. 25 కిలోలని అచ్చేసిన ఖాళీ సంచులు గోదాములో మిగిలిపోయాయి. వాటిని ఏ ఖాతాలో నష్టంగా రాయాలన్న దాని మీద ఆఫీసులో పెద్ద చర్చే నడిచింది. సెప్టెంబరులో ఇంకో దెబ్బ. నూకల ఎగుమతి ఆపేశారు, పచ్చి బియ్యం ఎగుమతి మీద 20 శాతం సుంకం వేశారు. కాకినాడ ఎగుమతి వ్యాపారులు లోడింగ్ ఆపమన్నారు. ఢిల్లీలో రాత్రి వచ్చిన నోటిఫికేషన్‌కి తెల్లారేసరికి మన స్టాక్ విలువ తగ్గడం, దాంతో బ్యాంకులో వాడుకునే డబ్బు తగ్గడం నేను కళ్లారా చూసింది అప్పుడే.

అయితే అసలు టెన్షన్ సంక్రాంతి ముందు వస్తుంది. డిసెంబరులో సార్వా, అంటే వానాకాలం పంట, ధాన్యం ఒక్కసారిగా మీద పడుతుంది. పండక్కి అల్లుళ్లొస్తారు, బట్టలు, పిండివంటలు, ఇంకా పందేల సంగతి చెప్పక్కర్లేదు. రైతుకి భోగి లోపు డబ్బు చేతిలో ఉండాలి. బియ్యం కొన్నవాడు మాత్రం పండగెళ్లాక చూద్దాం అంటాడు. ఈ రెండింటి మధ్య మిల్లు నలుగుతుంది. సీసీ ఖాతా అంచుకు చేరుకుంటుంది. మా ఇంట్లో నాన్న మిల్లు డబ్బు కోసం ఎదురు చూస్తుంటే, ఆ డబ్బు ఎందుకు ఆగిందో తెలిసిన మనిషిని నేను. భోజనాల దగ్గర ఇద్దరం ఆ మాట ఎత్తేవాళ్లం కాదు.

మార్చి 31న గోదాములో బస్తాల నెట్లు లెక్కపెట్టాం. పొడవు, వెడల్పు, ఎత్తు, వరసకెన్ని బస్తాలు. అప్పటికి సార్వా సరుకు చాలావరకు అమ్ముడుపోయింది, దాళ్వా, అంటే రెండో పంట, కోతలు ఇంకా ఊపందుకోలేదు. గోదాము సగం ఖాళీ, అప్పు తక్కువ. ఆడిటర్ సంతకం పెట్టే బ్యాలెన్స్ షీటు ఆ రోజుది. దాన్ని మాత్రమే చూసినవాళ్లకు జనవరిలో ఆ మిల్లు ఎలా ఊపిరి బిగబట్టిందో కనిపించదు. రెండు నెలలే ఉండి వచ్చేస్తే నాకూ కనిపించేది కాదు. ఇంటర్న్‌షిప్‌ను ముక్కలు చేసి పెట్టడం మీద నా ఫిర్యాదు ఇదే. ఎకౌంట్స్ వైపు వెళ్లేవాళ్లకు, కనీసం డెల్టాలోనైనా, రెండు పంటలూ కలిసేలా ఉండాలి.

దాళ్వాలో బొండాలు అనే రకం ధాన్యాన్ని ఉడకబెట్టి కేరళకు పంపడం చూశాను. మే మొదట్లో అకాల వర్షాలకు రోడ్ల మీద ఆరబెట్టిన ధాన్యం తడిసి, తేమ 17 శాతం దాటిందా లేదా అని కాటా దగ్గర గొడవలు పడటం కూడా చూశాను. అదే నెల 19న రెండు వేల నోట్లు వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు. మర్నాడు పాత బాకీలు తీర్చడానికి ఎన్నడూ లేనంత మంది వచ్చారు, అందరి చేతుల్లోనూ గులాబీ నోట్లే. గుమస్తా గారు నవ్వుతూ రసీదులు రాశారు.

ఇప్పుడు నేను ఒక బ్యాంకులో అప్పుల విభాగంలో పని చేస్తున్నాను. మిల్లుల స్టాక్ తనిఖీకి వెళ్తే ముందు కుర్చీ వేసి కాఫీ ఇస్తారు. నేను కూర్చోకుండానే అడిగే మొదటి ప్రశ్న: "ప్రభుత్వ ధాన్యం ఎటు పక్క ఉందండీ?"