ఒకే దానా, రెండు లెక్కలు

మంగళవారం, రాత్రి

ఇవాళంతా మల్టీమీటర్‌తోనే సరిపోయింది. పాలీకార్బొనేట్‌లో బరువు లెక్కన 2 శాతం కార్బన్ నానోట్యూబులు, అంటే కరెంటు పారే అతి సన్నటి కార్బన్ గొట్టాలు, కలిపిన ప్లాస్టిక్ గుళికల దానా. దాన్ని హాట్ ప్రెస్‌లో నొక్కి తీసిన పలక మీద ప్రోబులు పెడితే వెంటనే అంకె వచ్చింది. అదే దానాతో ఇంజెక్షన్ మెషీన్‌లో తీసిన ట్రే మీద పెడితే ఓఎల్ అని, అంటే నిరోధం మీటర్ కొలవగలిగే హద్దు దాటిందని, చూపించడం తప్ప ఉలుకూ పలుకూ లేదు. ఎలక్ట్రానిక్ బోర్డులు పెట్టుకునే ట్రే అది. స్టాటిక్ చార్జి నేలలోకి దిగకపోతే ఇక దేనికి?

మేనేజర్ గారు వచ్చి చూసి, "ఇంకో శాతం వెయ్యండమ్మా, అదే వస్తుంది" అన్నారు. కరిగిన ప్లాస్టిక్ చిక్కదనం కొలిచే రియోమీటర్ గ్రాఫ్ తీసి చూపించాను. మెల్లగా కదిపే వైపు మామూలు పాలీకార్బొనేట్ గీత చదునుగానే ఉంది, మనది మాత్రం పైకి ఎక్కిపోతోంది. ట్యూబులు ఒకదానికొకటి చేరి వలలా అల్లుకున్నాయి కాబట్టే అది. కరెంటు పారేదీ ఆ వలలోనే. ఇంకా వేస్తే చిక్కదనం పెరుగుతుంది. సన్నటి మూలలు నిండటానికి ఇప్పటికే ప్రెషర్ బాగా పెట్టాల్సి వస్తోంది. ఆయన "సరే చూడండి" అని వెళ్ళిపోయారు. ఒప్పుకున్నట్టు మాత్రం లేదు.

భోజనాలయ్యాక ట్రే మూల కోసి, ఎమరీ పేపర్‌తో పైపొర అరగదీశాను. వేళ్ళన్నీ నల్లబడ్డాయి. ఓఎల్ పోయి మెగాఓమ్‌లలో అంకె కనబడింది, ఇంకాస్త రుద్దితే ఇంకా దిగింది! అంటే తంటా అంతా పైపొరలోనే. ఎలక్ట్రాన్ ఒక ట్యూబు నుంచి ఇంకోదానికి దూకాలంటే మధ్య ఎడం కొద్ది నానోమీటర్లే ఉండాలి. మౌల్డ్‌లోకి వేగంగా తోసేసరికి, గోడ పక్కన ట్యూబులు చిక్కు తీసి దువ్విన జుట్టులా ఒకే వైపు సాగి విడిపోతాయి. చల్లటి గోడ తగలగానే అలాగే గడ్డకడతాయి. లోపలి భాగానికి కాస్త టైమ్ దొరుకుతుంది, అందుకే అక్కడ వల కొంత నయం.

ట్యూబులు తెగిపోయాయేమోనన్న అనుమానమూ తీర్చుకున్నాను. అదే ముక్కని 260 డిగ్రీల దగ్గర ప్రెస్‌లో కాసేపు ఉంచి నొక్కితే మళ్ళీ కరెంటు పారింది. అంటే తెగలేదు, విడిపోయాయంతే. అలాగని ట్రేని ఓవెన్‌లో పెట్టి సరిచేద్దామంటే కుదరదు, 150 డిగ్రీలు దాటితే ఆకారమే పోతుంది.

రేపు ఇంజెక్షన్ స్పీడ్ తగ్గించి, మౌల్డ్ 80 నుంచి 110 డిగ్రీలకు పెంచి చూడాలి. ఆయిల్ హీటర్ పక్క షెడ్ నుంచి తెప్పిస్తానన్నాడు ఆపరేటర్.

"సైకిల్ టైమ్ పెరిగితే తిట్లు ఎవరికి మేడమ్?" అన్నాడు.

"ఇద్దరికీ" అన్నాను.