రంగం నుంచి వచ్చిన పెట్టె

బరంపురం, ఆదివారం

అటక మీది సామాను దింపి దులుపుతుండగా మా ముత్తాత రంగం (బర్మాలోని రంగూన్) నుంచి తెచ్చిన తమలపాకుల పెట్టె బయటపడింది. సన్నని వెదురు బద్దలతో అల్లి, పైన నల్లని పూత పూసిన గుండ్రని పెట్టె అది. అడుగున పూత రేగిపోయి అల్లిక కనిపిస్తోంది. మూత తీస్తే లోపల సున్నం మరక ఇంకా ఉంది. మామ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని ఎప్పుడూ అనే మాటే అంది: "జపానోడు రాకపోతే మా మావగారు రంగం వదిలేవారే కాదురా నాయనా."

గోపాల్‌పూర్‌లో ఓడెక్కి వెళ్లి రంగూన్ రేవులో మూటలు మోసిన ఆ మనిషి, 1942లో అరకాన్ కొండలు కాలినడకన దాటి, చిట్టగాంగ్ మీదుగా ఇల్లు చేరాడట. జపాన్ ఎందుకు వచ్చిందని మా ఇంట్లో ఎవరూ అడిగినట్టు లేదు. 2013లో పైలిన్ తుఫాను వచ్చినట్టే అదీ వచ్చిందనుకున్నారు కాబోలు. తుఫానుకు కారణం అడిగే అలవాటు గంజాం జిల్లాలో ఎవరికీ లేదు.

మధ్యాహ్నమంతా ఆ కారణం వెతుకుతూనే గడిపాను. 1937 జూలైలో బీజింగ్ దగ్గరి మార్కో పోలో వంతెన వద్ద మొదలైన కాల్పులు అప్పటికి చైనాకూ జపాన్‌కూ మధ్య వ్యవహారం మాత్రమే. చైనా ఓడరేవులు ఒక్కొక్కటిగా జపాన్ చేతికి చిక్కాక, బర్మాలోని లాషియో నుంచి చైనాలోని కున్మింగ్‌కు వేసిన బర్మా రోడ్డు ఆ దేశానికి ప్రాణాధారమైంది. ఆ రోడ్డెక్కే ఆయుధాలు ఓడ దిగింది మా ముత్తాత మూటలు మోసిన రంగూన్ రేవులోనే. ఆయన వీపు మీద ఏ పెట్టెలు ఎక్కాయో ఆయనకు తెలిసి ఉండదు.

పొత్తుల సంగతి ఇంకా విచిత్రం. సోవియట్ కమ్యూనిజానికి వ్యతిరేకంగా 1936లో జపాన్‌తో ఒప్పందం చేసుకున్న జర్మనీ, 1939 ఆగస్టులో, జపాన్ సేనలు మంగోలియా సరిహద్దులో సోవియట్ సేనలతో పోరాడుతూ ఉండగానే, అదే సోవియట్‌తో సంధి చేసుకుంది. ఆ దెబ్బకు టోక్యోలో మంత్రివర్గమే రాజీనామా చేసింది. అయినా మరుసటి ఏడే జపాన్, జర్మనీ, ఇటలీ కూటమి కట్టాయి. 1941 ఏప్రిల్‌లో జపాన్ సోవియట్‌తో తటస్థ ఒప్పందం రాసుకుంటే, జూన్‌లో జర్మనీ సోవియట్ మీద పడింది. వియ్యాలవారి తగవుల్లో కూడా ఇన్ని మలుపులు ఉండవు. ఉత్తరాన ఇంత బలమైన శత్రువుతో పేచీ పెట్టుకోవడం ఇష్టంలేని జపాన్ దక్షిణానికి తిరిగి, జూలైలో ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఇండోచైనా (నేటి వియత్నాం, లావోస్, కంబోడియా) దక్షిణ భాగంలో సేనలు దించింది. దాంతో అమెరికా జపాన్‌కు చమురు ఆపింది. నేటి ఇండోనేషియాలోని డచ్చివారి చమురు బావుల కోసం, బర్మా రోడ్డు తెంచడం కోసం జపాన్ డిసెంబరులో యుద్ధానికి దిగింది. ఆ నెల 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న నగరం జపాన్ వశమైంది. ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీదా బాంబులు పడ్డాయి. జపాన్ సేన వెంట వచ్చిన బర్మా స్వాతంత్ర్య నాయకుడు ఆంగ్ సాన్ సైన్యమే 1945 మార్చిలో జపాన్ మీద తిరగబడింది.

సాయంత్రం ఇదంతా మామ్మకు వీలైనంత చిన్నగా చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది: "అయితే ఆ రోడ్డు మూసేస్తే సరిపోయేది కదరా?"

మూశారు మామ్మా, అన్నాను. ఫ్రాన్స్ ఓడిపోయి ఒంటరిదైన బ్రిటన్, జపాన్ ఒత్తిడికి తలొగ్గి 1940 జూలై నుంచి మూడు నెలలు ఆ రోడ్డు మూసింది. ఆ మూడు నెలలు గడవకముందే జపాన్ ఉత్తర ఇండోచైనాలో కాలు పెట్టింది.

మామ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత కొంగుతో పెట్టె తుడిచి, కొత్త సున్నం తెమ్మని నన్ను బజారుకు పంపింది.