హిరోసాకి సైడర్ తోటల్లో

జపాన్ వాళ్లు యాపిల్‌ని పెంచే తీరు చూశాక, దాన్ని పిండి, ఆ రసాన్ని పులియబెట్టి సైడర్ చేయడానికి వీళ్లకి మనసెలా ఒప్పుతుందా అనిపిస్తుంది. జపాన్ ఉత్తరాన, ఆవొమోరి ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటిది) ఉన్న ఊరు హిరోసాకి. నేను అక్కడికి వెళ్లింది అక్టోబర్ చివర్లో. ఊరి చివర తోటల్లో చెట్ల కింద నేలంతా వెండిరంగు షీట్లు పరిచి ఉన్నాయి. ఎండ వాటి మీద పడి ఎగిసి కాయ అడుగున కూడా తగలాలని, అప్పుడే కిందంతా ఎర్రబడుతుందని. మూడు కాళ్ల నిచ్చెన మీద ఒక పెద్దావిడ కాయకి నీడ చేస్తున్న ఆకుల్ని ఒక్కొక్కటే తుంచుతోంది. తర్వాత కాయని అరచేతిలో పట్టుకుని, తొడిమ ఊడకుండా మెల్లగా రెండోవైపుకి తిప్పుతోంది. అలా ఎన్ని వేల కాయలో! వసంతంలో గుత్తికి ఐదు పూలుంటే మధ్యలోది ఉంచి మిగతావి తీసేస్తారు. కొన్ని రకాలకైతే కాయ కాయకీ కాగితపు సంచి తొడుగుతారు.

ఇంత చాకిరీ చేశాక చిన్న మచ్చ పడినా ధర పడిపోతుంది. రుచిలో తేడా లేకపోయినా అంతే. వడగళ్లు పడితే ఇక చెప్పక్కర్లేదు. గాలివానకి రాలిన మామిడికాయల్లాగే, అడిగిన ధరకి ఇచ్చేసుకోవాలి. 1991 సెప్టెంబర్‌లో వచ్చిన తుఫానుకి ఆవొమోరిలో ఎన్ని కాయలు రాలాయంటే, దానికి 'యాపిల్ తుఫాను' అనే పేరు స్థిరపడిపోయింది. అప్పుడు చెట్టు మీద మిగిలిన కాయల్ని 'రాలని యాపిల్' అని, అది తింటే పరీక్షలోనూ రాలిపోరన్నట్టు, పరీక్షలు రాసే పిల్లలకి అమ్మారు. ఎంసెట్‌కి పిల్లల్ని పంపిన తల్లిదండ్రులకి ఈ వ్యాపారం కిటుకు వేరే చెప్పాలా!

జపాన్ యాపిల్‌లో సుమారు 60 శాతం ఆవొమోరి ప్రిఫెక్చర్‌లోనే పండుతుంది. కాబట్టి మచ్చపడ్డ కాయల తలనొప్పి కూడా ఎక్కువ ఇక్కడే. సైడర్ ఊపందుకోవడానికి అదొక ముఖ్య కారణం. అన్నట్టు, దుకాణంలో సైడర్ అని అడిగితే చేతికి తియ్యటి సోడా వస్తుంది. పులియబెట్టిన యాపిల్ రసం కావాలంటే షీదోరు అనాలి.

హిరోసాకిలో యాపిల్ పార్కు ఉంది. దూరంగా ఇవాకి కొండ, చుట్టూ రకరకాల యాపిల్ చెట్లు, మధ్యలో తెల్లటి చిన్న భవనం. అందులోనే 2014 నుంచి 'కిమోరి' అనే సైడర్ తయారవుతోంది. కోతలయ్యాక వచ్చే ఏడు కూడా పంట బాగుండాలని చెట్టుకి ఒక కాయ వదిలేయడం ఇక్కడి పాత ఆచారం, ఆ ఆచారం పేరే దీనికి పెట్టారు. వడకట్టరు కాబట్టి గ్లాసులో మసగ్గా కనిపిస్తుంది. మొదటి గుటకలో యాపిల్ తొక్క వాసన, వెనకాలే ఈస్ట్ వాసన. బుడగలు నాలుక మీద చురుక్కుమనవు, మెత్తగా ఉంటాయి.

చిన్న రైతు ఈ పనిలోకి దిగాలంటే అడ్డొచ్చేది యాపిల్ కాదు, లైసెన్సు. పండ్లతో వైన్ లాంటివి చేయాలంటే ఏడాదికి కనీసం 6,000 లీటర్లు తయారుచేయాలని అక్కడి చట్టం. ప్రత్యేక మండలంగా ప్రకటించిన ఊళ్లలో స్థానిక పండుతో చేస్తే 2,000 లీటర్లు చాలు. హిరోసాకికి ఆ వెసులుబాటు దొరికింది. 750 మిల్లీలీటర్ల సీసాల్లో లెక్కేస్తే రెండున్నర వేల సీసాలకి కాస్త పైన. ఒక కుటుంబం తయారుచేసి అమ్ముకోగలిగిన సరుకే. నన్నడిగితే ఈ చిన్న సైడర్‌ల కథంతా ఈ ఒక్క అంకెలో ఉంది. లైసెన్సు లేనివాళ్లు కాయలు వేరే కర్మాగారానికి పంపి, తమ లేబుల్‌తో సీసాలు చేయించుకుంటారు.

అలాగని సైడర్ ఇక్కడ నిన్న మొన్న పుట్టింది కాదు. ఊళ్లో పాత ఎర్ర ఇటుకల గిడ్డంగి ఒకటుంది. ఒకప్పుడు సాకే, అంటే బియ్యంతో చేసే మద్యం, తయారైన చోటు. 1950లలో అసాహి బీర్ కంపెనీ తోడుతో అక్కడ సైడర్ మొదలుపెట్టారు. 1960లో ఆ వ్యాపారం నిక్కా అనే విస్కీ కంపెనీ చేతికొచ్చింది, ఆ పేరుతో సైడర్ ఇప్పటికీ దొరుకుతోంది. గిడ్డంగి మాత్రం 2020లో ఆర్ట్ మ్యూజియం అయింది. టైటానియం పైకప్పుకి సైడర్ బంగారు రంగు వేయించారు. మబ్బు పట్టినప్పుడు గోధుమరంగులో ఉన్న కప్పు ఎండ రాగానే తళుక్కుమంది. లోపల నన్ను ఆపింది ఈ ఊరివాడే అయిన కళాకారుడు యొషితొమొ నారా చేసిన పెద్ద తెల్లకుక్క. పక్క భవనంలో కేఫ్, అద్దం వెనక సైడర్ ట్యాంకులు.

రుచి గురించి నిజం చెప్పాలంటే, మొదట్లో చాలావాటికి నేను పడిపోలేదు. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌లలో సైడర్ కోసమే పెంచే వగరు యాపిల్స్ ఉంటాయి. ఇక్కడ చాలామంది వాడేది తినే పండునే: ఫుజి, జొనాగోల్డ్, ఓరిన్. అసలు ఫుజి పుట్టిందే పక్కనున్న ఫుజిసాకిలో. 1939లో అక్కడి పరిశోధన కేంద్రంలో సంకరం చేస్తే, 1962లో ఆ పేరు వచ్చింది. తినడానికి అంత బాగున్న కాయ పులిస్తే తీపి పోయి పల్చబడుతుంది, వగరు లేక వెలితిగా ఉంటుంది. పుల్లటి కోగ్యొకు రకం కలిపినవి కాస్త గట్టిగా నిలబడ్డాయి. కానీ రాత్రి భోజనంలో కాల్చిన స్కాలప్ (సముద్రపు గుల్లలోని మాంసం) పక్కన అదే పల్చటి సైడర్ బ్రహ్మాండంగా కుదిరింది. స్కాలప్ రుచిని మింగేయదు, నోరు మాత్రం శుభ్రం చేస్తుంది. వగరు సైడర్ అయితే ఆ ప్లేటుని పాడు చేసేదే.

యాపిల్ పండే మరో ప్రిఫెక్చర్ నగానోలో కూడా ఈ పని జోరుగానే ఉంది, అటు వెళ్లడం ఈసారి కుదరలేదు. తిరుగు ప్రయాణంలో ఆవొమోరి స్టేషన్ పక్కన, సముద్రం ఒడ్డున ఉన్న ఏ-ఫ్యాక్టరీ అనే సైడర్ తయారీ కేంద్రంలో ఆగాను. 2010 డిసెంబర్‌లో షింకన్‌సెన్ బుల్లెట్ రైలు ఈ ఊరిదాకా వచ్చినప్పుడే రైల్వే కంపెనీ తెరిచింది. కింద ట్యాంకులు, దుకాణాలు. పైన కార్డులో డబ్బులు వేసుకుని మెషీన్ దగ్గర గ్లాసు పెడితే కొంచెం కొంచెంగా రుచి చూడొచ్చు. తీపి రకం ముందు ఆడా మగా వరస కట్టారు. తీపి లేని డ్రై రకం ముందు ఎవరూ లేరు, నా కార్డు అక్కడే ఖాళీ అయింది.