డాక్‌లో వైర్డ్ నెట్ నెమ్మదిస్తే ముందు అంకె చూడండి

డాక్‌కి (ల్యాప్‌టాప్‌కి ఒకే కేబుల్‌తో మానిటర్, నెట్, యూఎస్‌బీ పోర్టులు కలిపే పెట్టెకి) ల్యాన్ కేబుల్ పెట్టినా స్పీడ్ రాకపోతే చాలామంది ముందు డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మీద పడతారు. నన్నడిగితే అది చివరి పని. స్పీడ్ ఏ అంకె దగ్గర ఆగుతోందో చూస్తే తప్పెక్కడుందో సగం తెలిసిపోతుంది. ఐపెర్ఫ్3 అనే స్పీడ్ కొలిచే ప్రోగ్రామ్‌తో అదే నెట్‌వర్క్‌లోని ఇంకో కంప్యూటర్‌కి కొలవండి, ఇంటర్నెట్ ప్లాన్ గొడవ ఉండదు. అన్నీ బాగుంటే గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) లింకులో 940 ఎంబీపీఎస్ దాకా రావాలి.

94 దగ్గర గీత గీసినట్టు ఆగిందా? లింకే 100కి పడిపోయింది. విండోస్‌లో ఈథర్‌నెట్ ప్రాపర్టీస్‌లో లింక్ స్పీడ్ 100/100 అని చూపిస్తుంది. గిగాబిట్‌కి కేబుల్లోని నాలుగు జతలూ కావాలి, 100కి 1, 2, 3, 6 పిన్నులు చాలు. అందుకే 4, 5, 7, 8లో ఒక తీగ తెగినా నెట్ నిక్షేపంగా నడుస్తూనే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. కేబుల్ మార్చండి, స్విచ్‌లో పోర్టు మార్చండి. మారకపోతే డాక్‌లోని నెట్‌వర్క్ చిప్ పేరు చూడండి: రియల్‌టెక్ ఆర్‌టీఎల్8153 గిగాబిట్‌ది, 8152 అయితే 100కి మించి ఇవ్వదు.

300 అటూ ఇటూ ఆగితే అసలు చిక్కు అక్కడుంది. లింక్ స్పీడ్ 1000 అనే చూపిస్తుంది, కానీ డాక్‌లోని నెట్‌వర్క్ అడాప్టర్ పాత, నెమ్మదైన యూఎస్‌బీ 2.0లో నడుస్తోంది. దాని హద్దు 480, చేతికొచ్చేది అంతకన్నా బాగా తక్కువ. లైనక్స్‌లో యూఎస్‌బీ పరికరాలను చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌కి మైనస్ టీ ఇస్తే 5000ఎం ఉండాల్సిన చోట 480ఎం కనిపిస్తుంది. ఛార్జింగ్ కోసం చేసిన టైప్-సీ కేబుళ్లలో చాలావాటికి హైస్పీడ్ తీగలే ఉండవు. డాక్‌కి అలాంటిది పెడితే ఇంతే.

కేబుల్ మంచిదే అయితే మానిటర్‌ని అనుమానించండి. మామూలు టైప్-సీ డాక్‌లో నాలుగు హైస్పీడ్ లేన్లు (డేటా దారులు) ఉంటాయి. 4కే, 60 హెర్ట్జ్ కోసం కొన్ని డాక్‌లు నాలుగూ డిస్‌ప్లేకే ఇచ్చేస్తాయి, మిగతా అన్నిటికీ యూఎస్‌బీ 2.0యే గతి. మానిటర్ పీకి మళ్లీ కొలిస్తే తేలిపోతుంది. అదే కారణమైతే 30 హెర్ట్జ్‌కి దించాలి, లేదా విడి యూఎస్‌బీ ఈథర్‌నెట్ అడాప్టర్‌ని ల్యాప్‌టాప్ సొంత పోర్టుకి తగిలించాలి. థండర్‌బోల్ట్ (టైప్-సీ ఆకారంలోనే ఉండే, ఇంకా వేగమైన కనెక్షన్) డాక్‌ని థండర్‌బోల్ట్ పోర్టుకే పెడితే ఈ పేచీ లేదు.

ఏ అంకె దగ్గరా నిలవకుండా ఊగిసలాడుతుంటే అప్పుడు డ్రైవర్. చిప్ తయారీదారు డ్రైవర్ వేసి, అడాప్టర్ ప్రాపర్టీస్‌లోని అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ఎనర్జీ ఎఫిషియంట్ ఈథర్‌నెట్ (కరెంటు ఆదా చేసే సెట్టింగు) ఆపి చూడండి. స్పీడ్ అండ్ డూప్లెక్స్ మాత్రం ఆటోలోనే ఉంచండి. ఒకవైపే ఫుల్ డూప్లెక్స్ (ఒకేసారి పంపడం, అందుకోవడం) బిగిస్తే అవతలి వైపు హాఫ్‌కి (ఒకసారికి ఒకటే) దిగి, ప్యాకెట్లు ఢీకొంటూ ఉంటాయి.